తొమ్మిదో నంబరు బిళ్ళ

తండా పెద్దలకు, మా ఊరి నుంచి, వాగు అవతలి గూడేల నుంచి నడిచి వచ్చిన అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం. ఇంత ఎండలో వచ్చి ఈ బడి ముందు నేల మీద కూర్చున్నారు. కోటేష్ ఉంటే ముందు మిమ్మల్ని నీడకు జరగమనేవాడు. ఆ తర్వాత మనందరినీ ఒకసారి లెక్కపెట్టేవాడు.

ఆయన పిడుగు పడి పోయి ఈరోజుకు పన్నెండు రోజులు.

నా పేరు మంగమ్మ. మాది పక్క ఊరు. పదో తరగతి వరకు చదివాను, కూలికి పోతాను, ఏటా భద్రాద్రి రామయ్య కల్యాణానికి వడ్లు గోటితో ఒలిచి తలంబ్రాలకు ఇస్తాను. అంతకు మించి నా గురించి చెప్పడానికి లేదు. మైకు ముందు ఎప్పుడూ నిలబడలేదు. నావల్ల కాదని నాలుగు రోజులు చెప్పి చూశాను. కానీ నన్నే మాట్లాడమని చాంది అడిగింది. కోటేష్ భార్య అడిగితే కాదనే హక్కు మీ అందరికన్నా నాకే తక్కువ. అందుకే నిలబడ్డాను. నా గొంతు చిన్నది, ఈమధ్య నిద్ర కూడా లేదు. కొంచెం ఓపిక పట్టండి.

అన్నలారా, అక్కలారా, కోటేష్ పదహారేళ్లు సముద్రంలో పనిచేశాడు. ఒడ్డున కాదు. నడి సముద్రంలో, భూమిలోంచి ఆయిల్ తీసే ఇనుప ప్లాట్‌ఫాం మీద. పెద్ద పైపుల చుట్టూ మనుషులు నిలబడి పనిచేయడానికి మంచెలు కట్టేవాడు. ఇరవై ఎనిమిది రోజులు అక్కడ, ఇరవై ఎనిమిది రోజులు ఇక్కడ. ఒడ్డు నుంచి హెలికాప్టర్‌లో తీసుకుపోయేవాళ్లు. ఆ రోజుల్లో ఆకాశంలో ఏ మోత వినబడినా తండా పిల్లలు బయటికి ఉరికి, "కోటేష్ కాక పోతుండు" అని చేతులూపేవాళ్లు. ఆయన ఇంట్లో పడుకుని ఉన్న రోజు కూడా ఊపేవాళ్లు.

ఆ పని ఎట్లా పోయింది? కరోనా ఏడాది సెలవు అయిపోవచ్చింది. బ్యాగు సర్దుకున్నాడు. చాంది దారికి రొట్టెలు కట్టింది. ఫోన్‌లో మెసేజ్ వచ్చింది, ఈసారి రావద్దని. సరే, ఈసారే కదా అనుకున్నారు. ఇంకో నెలకు మళ్లీ వచ్చింది, ఈసారి కూడా రావద్దని. మూడోసారి వచ్చిన దాంట్లో ఈసారి అనే మాట లేదు.

ఆ బ్యాగు తలుపు పక్కన ఎనిమిది నెలలు అట్లనే ఉంది. చాంది రోజూ ఊడ్చేటప్పుడు దాన్ని ఎత్తి, కింద ఊడ్చి, మళ్లీ అక్కడే పెట్టేది. తీసి లోపల పెట్టు అని ఆయన అనలేదు. పెట్టనా అని ఆమె అడగలేదు.

నలభై దాటిన మనిషికి కొత్త పని దొరకడం ఎంత కష్టమో మీలో తిరిగినవాళ్లకు తెలుసు. మణుగూరు పోయాడు, ఖమ్మం పోయాడు, హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర మూడు నెలలు కుర్చీలో కూర్చున్నాడు. సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరిగాడు. సముద్రం మీద నేర్చిన పని అడవి పక్కన ఎవరికి కావాలి? తిరిగి తిరిగి మనిషి సన్నబడ్డాడు. ఒకరోజు మా ఇంటి అరుగు మీద కూర్చుని ఒక మాట అన్నాడు. దాన్ని నేను మరిచిపోలేను.

అక్కడ ప్లాట్‌ఫాం మీద ఒక బోర్డు ఉంటుందట. ప్రతి మనిషికీ అందులో ఒక కార్డు. ప్రమాదం గంట మోగితే అందరూ ఒకచోటికి ఉరకాలి, ఉరికి తన కార్డు తానే ఒక వరుస నుంచి ఇంకో వరుసకు మార్చాలి. ఒక్క కార్డు మారకపోయినా ఆ మనిషి కోసం వెతుకుతారట. అది చెప్పి, "పదహారేండ్లు ఉన్నదక్కా నా కార్డు. నేను లేనప్పుడు ఎవరో తీసి పక్కన పడేసి ఉంటరు. ఎవరు తీసిన్రో గూడ ఎరుక లేదు" అన్నాడు. డబ్బు పోయిందని అనలేదు. కార్డు తీశారన్నాడు.

ఆ తర్వాత ట్రాలీ ఆటో కొన్నాడు. మనల్ని దుమ్ముగూడెం వైపు మిర్చి చేలకు తీసుకుపోయే పని పట్టుకున్నాడు. మంచెలు కట్టిన చేతులు కదా, ఆటోకు రెండు పక్కలా పైపులు వేయించాడు, ముసలివాళ్లు ఎక్కడానికి మెట్టు పెట్టించాడు. హోటల్ దగ్గర మగవాళ్లు, "ఏందిరా కోటేషూ, హెలికాప్టర్ దిగి ఆటో ఎక్కినవ్? గాలిల లేస్తదా ఇది?" అని నవ్వారు. ఆయన కూడా నవ్వి, "లేవదన్నా. హెలికాప్టర్ల నన్ను లెక్కవెట్టి ఎక్కిచ్చిన్రు. నేను గూడ లెక్కవెట్టే ఎక్కిస్త. నిన్ను మాత్రం తూకం వేసి ఎక్కిస్త" అన్నాడు. ఆ అన్న ఇక్కడే ఉన్నాడు. బాధపడకు అన్నా, నీ మాట ఆయన మనసులో పెట్టుకోలేదు.

అందరూ పాతికమందిని ఎక్కించుకునే బండిలో కోటేష్ పన్నెండు మందినే ఎక్కించాడు. మిగిలినవాళ్ల కోసం రెండో ట్రిప్పు వేశాడు. నూనె డబ్బా రేకు కత్తిరించి, మేకుతో నంబర్లు కొట్టి, ఎర్రదారం కట్టి పదమూడు బిళ్ళలు చేశాడు. పన్నెండు మాకు, ఒకటో నంబరు తనకు. ఆటోలో చెక్క మీద మేకులు రెండు వరుసలు. పొద్దున పై వరుస నుంచి ఎవరి బిళ్ళ వాళ్లు తీసుకోవాలి. సాయంత్రం బండి ఎక్కినాక కింది వరుసలో పెట్టాలి. పదమూడూ కింది వరుసకు వస్తేనే బండి కదిలేది.

మాకు అది మొదట అర్థం కాలేదు. ఎర్రదారం చూసి రక్ష అనుకున్నాం. గూడెం నుంచి వచ్చే నాగక్క తన బిళ్ళను మెడలో వాళ్ల వేల్పు దారం పక్కన కట్టుకుంది. నేను నాది తీసుకుపోయి రామయ్య పటం ముందు పెట్టి పసుపు కుంకుమ పెట్టాను. పొద్దున చూస్తే బోర్డు మీద సగం మేకులు ఖాళీ. పాపం, ఇల్లిల్లూ తిరిగి అడుక్కున్నాడు. నా బిళ్ళ మీద కుంకుమ చూసి, "అక్కా, నువ్వు పనిల ఉన్నప్పుడు బిళ్ళ నీ దగ్గరుండాలె. బండెక్కితే బోర్డు మీదుండాలె. దేవుని దగ్గరుంటే నువ్వు దేవుని దగ్గరికి పోయినవనుకోవాలె నేను" అన్నాడు. ఎంత నవ్వామో ఆ రోజు.

పోయిన ఏడు ఇప్పపూల కాలంలో ఒక సాయంత్రం నాగక్క బిళ్ళ రాలేదు. అందరం ఎక్కి కూర్చున్నాం. పిల్లలు ఆకలితో ఉంటారని ఒకరు, బర్రెకు నీళ్లు పెట్టాలని ఒకరు, ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టాం. నేనూ తిట్టాను. "ఆగుదాం అక్కా" అన్నాడు. ఎంత తిట్టినా అదే మాట. "ఆగుదాం." గంట తర్వాత నాగక్క అడవి అంచు నుంచి ఒడి నిండా ఇప్పపూలతో తాపీగా వచ్చింది. "ఏందయ్యా, ఇంక పోలే మీరు?" అని మమ్మల్నే అడిగింది. "బిళ్ళ పెట్టు నాగక్కా" అన్నాడు. అంతే.

ఇక ఆ రోజు సంగతి. మీ అందరికీ తెలిసిందే. అయినా నా నోటితో చెప్పాలి.

కల్యాణానికి నాలుగు రోజులు ఉంది. ఒలిచిన తలంబ్రాలు పట్టుకుని మా ఊరి భజన బృందం మరునాడు భద్రాచలం బయలుదేరుతోంది. నా వాటా ఇంకా కొంచెం మిగిలింది. మధ్యాహ్నం మూడింటికి మా అక్క కొడుకు నన్ను తీసుకుపోవడానికి మోటారు సైకిల్ మీద వచ్చాడు. నేను రోడ్డు పక్క సాలులో ఉన్నాను. మిగతావాళ్లు చేను అవతలి కొసన ఉన్నారు. అంతదూరం నడిచి చెప్పి రావడానికి బద్ధకించాను. దేవుని పనికి పోతున్నాను కదా, ఎవరు ఏమంటారులే అనుకున్నాను. ఆ మాట అనుకున్నాను, నిజం. తొమ్మిదో నంబరు బిళ్ళ నా కొంగున ముడి వేసి ఉంది. అట్లనే వాడి వెనక ఎక్కి పోయాను.

అయిదింటికి మబ్బు కమ్మింది. గాలి లేచింది. పదకొండు మంది ఎక్కారు. తొమ్మిదో మేకు ఖాళీ. "మంగమ్మక్క ఇంటికి పోయి ఉంటది, నడువు" అన్నారట. "ఉంటది కాదు. చూసినోళ్లు ఉన్నరా?" అని అడిగాడట. చూసినవాళ్లు లేరు. నాకు ఫోన్ చేశాడు. వడ్లు ఒలిచేటప్పుడు ఫోన్ ముట్టుకోను, బయట పెట్టాను. వాళ్లందరినీ రైతు ఇంట్లో దింపి, తలుపు వేయించి, నన్ను పిలుచుకుంటూ చేనులోకి పోయాడు. రెండుసార్లు నా పేరు వినబడిందట. ఆ తర్వాత పిడుగు.

ఆ సమయానికి నేను చాప మీద కూర్చుని రామనామం చెప్పుకుంటూ గింజలు ఒలుస్తున్నాను.

నేను ఏమని చెప్పను మీకు? దేవుణ్ణి అడిగాను. ఇంకా అడుగుతున్నాను. నేను పోయింది తప్పు పనికి కాదు. కానీ ఒక్క మాట చెప్పి పోతే ఆయన ఈ పూట బండి తుడుచుకుంటూ ఉండేవాడు. ఈ రెండూ నిజమే. ఈ రెంటితోనే నేను బతకాలి.

అయిదో రోజు ధైర్యం చేసి చాంది దగ్గరికి పోయాను. తిడుతుందని పోయాను. తిడితే బాగుండుననే పోయాను. కొంగు ముడి విప్పి బిళ్ళ ఆమె చేతిలో పెట్టాను. చూసి, మళ్లీ నా చేతిలోనే పెట్టింది. "నాకెందుకక్కా ఇది. బోర్డు మీద పెట్టు. లేకుంటే ఆయన ఇంక దేవులాడుకుంటనే ఉంటడు" అంది.

అందుకే నన్ను మాట్లాడమంది. అందుకే కోటేష్ తమ్ముడు మోతీలాల్ ఆటోను ఇక్కడికి తోలుకొచ్చాడు. సోమవారం నుంచి మనల్ని తీసుకుపోయేది మోతీలాలే. పన్నెండు మందినే ఎక్కిస్తానని మాటిచ్చాడు. కోటేష్ చొక్కా జేబులో దొరికిన ఒకటో నంబరు బిళ్ళను పొద్దున చాంది తన చేత్తో కింది వరుసలో పెట్టింది. పదకొండు మందివీ ఉన్నాయి. ఇప్పుడు తొమ్మిదో నంబరు పెడుతున్నాను.

తమ్ముడా, మంగమ్మ అక్క వచ్చింది. ఇక వెతకొద్దు.

అందరూ దయచేసి లేవండి. మోకాళ్లు పట్టేసిన పెద్దవాళ్లకు పక్కవాళ్లు చెయ్యి అందించండి. లేచాక ఒక్కసారి అటూ ఇటూ చూసుకోండి. మీతో వచ్చినవాళ్లు మీ పక్కనే ఉన్నారా? ఎవరైనా నీళ్లకో, నీడకో పోయి ఉంటే చెప్పండి. వాళ్లు వచ్చేదాకా ఆగుదాం. అందరం ఉన్నామనుకున్నాకే కళ్లు మూసుకుని రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం.