యాభై రెండో వరసలో మెలిక

సభకు అధ్యక్షత వహించి, ఈ మేడమీది గదిని పదకొండేళ్ళుగా మా అల్లికల క్లాసుకి ఇచ్చిన కోల్డ్ స్టోరేజీ యజమాని వీరాంజనేయులు గారికి, ఆయన పక్కన శాలువా కప్పుకుని కూర్చున్న మా నజీరా టీచర్ గారికి, అక్కగారిని చీరాల తీసుకెళ్ళటానికి వచ్చిన షానవాజ్ గారికి, పెద్దలకి, మా గురువారం క్లాసు ఆడవాళ్ళందరికీ నమస్కారమండి.

నా పేరు జ్యోతిర్మయి. ఇల్లు చూసుకుంటాను. నా చేతిలో ఉన్నవి నాలుగు కాగితాలు. వారం రోజులు కూర్చుని రాసి, గడియారం ఎదురుగా పెట్టుకుని చదివి చూసుకున్నాను, సరిగ్గా ఏడు నిమిషాలు వచ్చాయి. ఇప్పుడివి ఎందుకూ పనికిరావు. రైలుకి టైమవుతుందని టీచర్ గారి చేత ముందే మాట్లాడించారు కదా, ఆవిడ మైకు తీసుకుని, "నాకు రెండేళ్ళుగా కళ్ళు కనపడవమ్మా, వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే. కనపడనిదాని దగ్గర మీరు నేర్చుకోవటం న్యాయం కాదు, అందుకే మానేస్తున్నాను" అని చెప్పి, ఏదో ఊరికే చెప్పినట్టు వెళ్ళి కూర్చున్నారు. ఈ బల్ల పట్టుకుని నిలబడ్డాను, ఏమీ అనుకోకండి.

(కాగితాలు మడిచి బల్ల మీద పెట్టి)

అంతకు పది నిమిషాల ముందు ఇంకోటి జరిగింది, అది మీకు తెలియదు. క్లాసు తరఫున నేను అల్లిన స్వెటర్ ఆవిడ ఒళ్ళో పెట్టాను. టీచర్ గారి పద్ధతిలోనే, మెడ దగ్గర మొదలుపెట్టి, భుజాల దగ్గర కుట్లు పెంచుకుంటూ, చేతుల కుట్లు వేరే దారానికి ఎక్కించి పక్కన పెట్టి, ఒళ్ళంతా కిందికి అల్లుకుంటూ వచ్చింది. ముందువైపు మెలికలు తిప్పిన లావుపాటి జడల అల్లిక, చంకల కింద చిల్లుల లేసు. గుంటూరులో స్వెటరేమిటని మా వాళ్ళు ఎప్పుడూ ఎగతాళి చేస్తారు గానీ, కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, మోసేవాళ్ళకి తెలుసు, లోపల ఎముకలు కొరికే చలి, తలుపు దాటితే మే నెల ఎండ. అందుకని గుండెల మీద జడ, చంకల కింద లేసు. పోయిన హయాత్ గారికి, అదే టీచర్ గారి భర్తకి, ఈ కిందనే పనిచేసినన్నాళ్ళూ ఆవిడ అల్లిపెట్టిన నమూనా ఇది.

సరే, ఒళ్ళో పెట్టాను. ఆవిడ నా వైపు చూసి నవ్వుతూనే రెండు చేతులతో దాన్ని ఒక్కసారి తడిమి, "జ్యోతీ, ఎడమ భుజం కింద మూడో మెలిక తిరగబడిందే" అన్నారు. చూశాను. నిజమే! యాభై రెండో వరస. మెలిక తిప్పే పక్క సూదిని వెనక్కి పెట్టాల్సిన చోట ముందుకి పెట్టాను. నా పుస్తకంలో ఆ వరసకి టిక్ కూడా ఉంది. అబ్బ, ఈ వయసులో ఏం చూపు ఈవిడది అనుకుంటూ వచ్చి కూర్చున్నాను. ఆ తర్వాత ఆవిడ మైకు తీసుకున్నారు.

నేను అన్నీ రాస్తానని అందరూ వేళాకోళం చేస్తారు. ఏ వరసలో ఎన్ని కుట్లో, ఎవరు ఏ రోజు రాలేదో, అన్నీ రాస్తాను. రెండేళ్ళపాటు ముందు వరసలోనే కూర్చున్నా, ఆవిడకి కనపడదని మాత్రం రాయలేదు. గుమ్మంలో అడుగు పెట్టగానే "నోరు విప్పి రండమ్మా" అనేవారు, మర్యాద నేర్పుతున్నారనుకున్నాను. "చూడొద్దు, వేలితో చదువు" అనేవారు, అదొక పాఠమనుకున్నాను. "ఈ ఎరుపు ఏ ఎరుపు?" అని నన్నడిగితే, పరీక్ష పెడుతున్నారనుకుని, "తేజా మిర్చి ఎరుపండీ" అని చెప్పి మురిసిపోయాను. ఆవిడ నిజంగా అడిగారు! తెలియకే అడిగారు!

కంటి ఆపరేషన్ అయ్యాక టీచర్ గారు కళ్ళజోడు తీసేసిన రోజు గుర్తుందా సర్దార్‌బీ? "ఆపరేషన్ బాగా కుదిరినట్టుందే టీచరమ్మా" అని నువ్వే అన్నావు.

(సభలోంచి సర్దార్‌బీ: "అన్నానమ్మా, నా నోరు పడిపోను!")

ఆవిడ నవ్వి ఊరుకున్నారు. మేం ఊరుకున్నామా? కళ్ళు బాగయ్యాయి, పార్టీ ఏదని పట్టుబట్టి ఆవిడ చేత మైసూర్‌పాక్ తెప్పించుకు తిన్నాం. నేను రెండు ముక్కలు తిన్నాను.

(సంచిలోంచి పుస్తకం తీసి)

టీచర్ గారూ, న్యాయం కాదన్నారు. నా పుస్తకం ఇక్కడే ఉంది, చదువుతాను వినండి. మీకు కళ్ళు కనపడిన తొమ్మిదేళ్ళలో నేను తప్పు అల్లి మొత్తం విప్పుకున్నవి ముప్ఫై నాలుగు. ఈ రెండేళ్ళలో రెండే. ఆ రెండూ మీరు చెప్పినట్టు వేళ్ళతో చదవకుండా, పుస్తకంలో చూసి అల్లినవే. ఇవాళ్టిది మూడోది, ఇదీ అంతే. ఎవరి దగ్గర నేర్చుకోవటం న్యాయమో నాకు తెలియదు గానీ, లెక్క మాత్రం ఇది.

("రైలుకి టైమైపోతోంది జ్యోతీ, ఇక చాల్లే" అన్నారు టీచర్ గారు. నవ్వులు.)

అయిపోయిందండి. షానవాజ్ గారూ, ఆటోని ఇంకో రెండు నిమిషాలు ఆపండి.

ఇచ్చిన కానుక తిరిగి తీసుకోవటం మర్యాద కాదు. అయినా తీసుకుంటున్నాను. ఇదిగో, మీ ఒళ్ళోంచి తీసి సంచిలో పెట్టేశాను. కారణాలు రెండు. పైనుంచి అల్లే స్వెటర్‌కి, మనిషికి తొడిగి చూసి కొలత తీసుకోవటమే కదా అసలు సుఖం. మీకు తెలియకుండా అల్లాలని నేను దీన్ని మా పెద్దాడపడుచుకి తొడిగి చూశాను. కుడి చెయ్యి అల్లిక మోచేతి దగ్గరే ఆపేశాను, మీ మణికట్టు ఎక్కడో నాకు తెలియదు. రెండోది, ఆ మెలిక. అంచు విప్పి, అంతా ఊడదీయకుండా, ఆ జడలో ఎనిమిది కుట్లనే వదిలి యాభై రెండో వరస దాకా వెళ్ళి, సరిచేసి మళ్ళీ కిందికి అల్లుకు రావచ్చని మీరు ఒకసారి అన్నారు. అది వేళ్ళకి తెలియాలి, కళ్ళతో చూపిస్తే రాదు, తర్వాత నేర్పుతాననీ అన్నారు. నేర్పలేదు. తేదీతో సహా రాసి ఉంది.

చీరాల ఎంత దూరమండీ? గురువారం పొద్దున మీ తమ్ముడు గారు మిమ్మల్ని రైలెక్కిస్తే చాలు, గుంటూరు ప్లాట్‌ఫాం మీద సర్దార్‌బీ ఉంటుంది. గట్టిగా అరుస్తుంది, గుర్తుపట్టటానికి ఇబ్బంది లేదు. (నవ్వులు) వచ్చి, మీ చెయ్యి నా ముందు చాపండి, కొలత తీసుకుంటాను. గదికి తాళం వెయ్యొద్దని వీరాంజనేయులు గారిని అందరి ముందే అడుగుతున్నాను. తల ఊపారు. టీచర్ గారూ, ఆయన సరేనని తల ఊపారండీ.

మిమ్మల్ని రెండేళ్ళు చూస్తూ కూడా చూడనందుకు క్షమించమని నా కాగితాల్లో లేదు, ఇప్పుడు చెబుతున్నాను. ఓపిగ్గా విన్న పెద్దలందరికీ కృతజ్ఞతలు. మీ అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాను. టీచర్ గారి దగ్గర మాత్రం, గురువారం దాకా.