ఉరికిండు

మేడ్చల్ కోర్టుకు ఎదురుగా వకీలు జానకీదేవి గది. ఆమె ముందు కూర్చున్న అశ్రిత కాళ్ల పారాణి ఇంకా పోలేదు.

"జైల్లో మీ ఆయన్ని కలిశావుగా, శ్రవణ్ ఏమన్నాడమ్మా?"

"మల్లెచెట్లకు నీళ్లు పోసినవా అన్నడు మేడమ్. జైల్ల ఉండి అడిగే మాటనా అది! నవ్వొచ్చింది. మల్ల ఏడుపొచ్చింది."

"ధైర్యంగా విను. పరమేష్ పొద్దున ఆసుపత్రిలో చనిపోయాడు."

"అయ్యో! మంచిగైతుండన్నరు గదా?"

"లేదు. ఇక ఇది హత్య కేసు."

"హత్యేంది మేడమ్? లాల్‌గడి మలక్‌పేట్ల మా ఇంటికొచ్చి, మా బోరు వైరు కోసిండు. మా ఆయన తుపాకికి లైసెన్సుంది. మా ఇల్లు మేం కాపాడుకోవద్దా?"

"లైసెన్సు చేను మీద పడే అడవిపందులను బెదిరించడానికి. వైరు పోతోందని మనిషిని చంపడానికి కాదు. ప్రాణం మీదికొస్తేనే చట్టం ఒప్పుకుంటుంది. అందుకే నీ వాంగ్మూలం బంగారం."

"నేనేమన్న?"

"'పరమేష్ ఉరికిండు, గప్పుడే మా ఆయన పేల్చిండు.' నీ మాటే రాసుకున్నారు. చాలు! చేతిలో కత్తి, మీదికి ఉరికాడు, శ్రవణ్ భయపడి కాల్చాడు. విచారణ రోజు జడ్జిగారి ముందు ఇదే చెప్పు."

"మేడమ్... మీదే ఊరు?"

"అమలాపురం. నిరుడే ఇటొచ్చాం. ఎందుకు?"

"మీ దిక్కు ఉరుకుడంటె ఏంది?"

"దూకడం. పులి లేడి మీదికి ఉరికింది అంటాం."

"మా దిక్కు... ఉత్త ఉరుకుడే మేడమ్."

"అంటే?"

"పరుగు. గోడ దిక్కు ఉరికిండు. కత్తి గూడ ఆడ్నే పడేసిండు. వద్దు వద్దని నేను మొత్తుకుంటనే ఉన్న, ఆయన..."

"ఆగు. ఆగమ్మా."

"ఆయన ఇనలే."

"గాయం పక్కటెముకల్లో. పరమేష్ ఎటు తిరిగి ఉన్నాడో డాక్టరు తేల్చలేదు. చూసింది నువ్వొక్కదానివే."

"అయితె నేనే ఆయనను..."

"అబద్ధం చెప్పమని నేను అనను. అనలేను."

"నిజం చెప్తె?"

"యావజ్జీవం పడొచ్చు."

"పెండ్లయి నెల గాలే మేడమ్! మొన్ననే శామీర్‌పేట కట్ట మీద మిరపకాయ బజ్జీలు తిన్నం. నా నోరు మండుతుంటె ఊదిండు, చిన్నపిల్లకు ఊదినట్టు. ముసలోళ్లమైనంక గూడ గిట్లనే ఈడికొద్దమన్నడు..."

"నీళ్లు తాగు."

"వద్దు. గా దినం పరమేష్ పెండ్లాం వస్తదా?"

"వస్తుంది. ముందు వరసలోనే కూర్చుంటుంది."

"ఆమెదే ఊరు?"

"ఇక్కడే, రావల్కోల్."

"అయితె, ఉరికిండంటె ఆమెకు సమజైతది."

"అర్థమవుతుంది."

"గా మాట పనికిరాదు మేడమ్."

"మరి?"

"మీ లెక్క మాట్లాడుడు నేర్పుండ్రి. 'మీదికి దూకాడండీ'... గిట్లనేనా?"