అరవై దాటితే

రెగ్లా రేవు మీద పొద్దుటి మంచు ఇంకా విడలేదు. అందులో ఓడలు సగం సగం తేలుతున్నాయి. ముసలాయన తన పాత అమెరికా కారు పక్కన నిలబడ్డాడు. బావమరిది కారు కింద దూరి చూస్తున్నాడు.

“ఎంత స్పీడులో వణుకుతోంది బావా?”

“అరవై దాటగానే మొదలు. ఎనభైలో నేల మీద ఉన్నట్టే ఉండదు, కలలో ఊగినట్టు ఊగుతుంది. రేపు ఆరుగురు ప్రయాణికులను మతాంజాస్ ఊరికి తీసుకెళ్లాలి.”

“ఆ స్పీడులో గేరు తీసి న్యూట్రల్‌లో వదిలావా?”

“వదిలాను. అయినా ఊగింది.”

“అయితే ఇంజన్ కాదు, వెనక చక్రాలను తిప్పే షాఫ్టే. ఆ, దొరికింది! లారీ షాఫ్టు కోసి అతికారు. రెండు చివర్లూ ఒక వరసలో లేవు. ఏ గుడ్డివెధవ అతికాడిది?”

“నువ్వే. పన్నెండేళ్లయింది.”

బావమరిది కారు కింద నుంచి తల బయటపెట్టాడు.

“మరి ఇన్నాళ్లూ వణకలేదా?”

“మీ అక్క పోయేదాకా అరవై దాటనిచ్చిందా? స్పీడు ముల్లు అక్కడికి రాగానే నా మోకాలి మీద చెయ్యి వేసేది. సముద్రం చూడాలి, మెల్లగా పోనిమ్మనేది. నేనూ నిజమే అనుకున్నాను.”

“అక్కకు తెలుసంటావా?”

“నీ చేతిపని ఆవిడకు తెలియకపోవడమేమిటి?”

“నన్నొక్క మాటా అనలేదు బావా.”

“నేనంటున్నాగా. కోసి సరిగ్గా అతుకు. నిన్ను వెనకేసుకొచ్చే మనిషి ఇక లేదు.”