దబ్బనం అడిగిన దొంగ

1968 మార్చి. లాలాపేట్‌లో రెండు గదుల ఇల్లు, మధ్యాహ్నం రెండు గంటలు. కుట్టుమిషను ముందు రాహేలు. గడప మీద ఆమె తమ్ముడు ఇన్నయ్య, యూనివర్సిటీలో బి.ఏ. మొదటి సంవత్సరం.

"మొదటి షాట్ల ఏం లేదక్కా, ఉత్త కాళ్ళే. చెప్పులు విడిచిన కాళ్ళు. వరండాల నడుచుకుంట వస్తుంటయి. మొఖం చూపియ్య."

"అన్నం తిని చెప్పరా."

"తింటలే. విను. రెండో షాట్ల చెయ్యి, బీరువా తలుపు మీద. మూడో షాట్ల గుడ్డ కవరు, మీద లక్క ముద్రలు. మీ ట్రస్టు ఆఫీసుల స్కాలర్‌షిప్పు పరీక్ష ప్రశ్నపత్రాల కట్టలు ఎట్లుంటుండె, సేమ్ గట్లనే. నేనే కూసోని కుట్టిన."

"మా ట్రస్టు అనకు. వాళ్ళు నన్ను పంపించేసి రెండేళ్ళయింది."

"అందుకే కదా తీసిన."

"ఏదో దొంగల సినిమా అన్నావు నాతో. కాలేజీ వాళ్ళ పోటీకి అన్నావు."

"దొంగల సినిమానే. మొత్తం కాదు, మొదలు మాత్రమే. మా సారు కెమెరా ఇచ్చిండు, రీలు ఒక్కటే ఇచ్చిండు. మూడు నిమిషాలకు అయిపోతది. ఎవడన్నా తప్పు చేస్తే మళ్ళ తీయనీకి లేదు."

"మూడు నిమిషాల్లో ఏం కథ చెప్తావు?"

"నేరం ఎట్ల జరిగింది, ఎవడు చేసిండు. ఇంకేం కావాలె? శిక్ష సంగతి చూసేటోళ్ళు చూసుకుంటరు."

"దొంగ వేషం ఎవరు వేశారు? అడిక్‌మెట్ లాడ్జీలో ఉంటాడే, ఆ నాగేంద్రా?"

"నాగేంద్రది ఎండ కొట్టే పని. సిగరెట్ డబ్బీల తళుకు కాయితం అట్టకు అతికిచ్చినం. దాన్ని పట్టుకోని కిటికీల నుంచి వచ్చే ఎండను దొంగ మొఖం మీదికి కొట్టాలె. లైట్లు ఎక్కడివి మాకు?"

"మరి దొంగెవరు?"

"రామాంజనేయులు సార్."

"ఏ రామాంజనేయులు?"

"ఏ రామాంజనేయులు ఏంది? మీ సూపరింటెండెంట్. నిన్ను తీసేసిన కాయితం కింద సంతకం పెట్టినోడు."

"ఈ దారం ఒకటి. ఊరికే తెగిపోతుంది."

"వింటున్నవా?"

"వింటున్నా. ఆయన... ఆయనెందుకొచ్చాడురా?"

"పోయి అడిగిన. తార్నాకల ఇంటికే పోయిన. 'సార్, కాలేజీ ఫిల్ము, పెద్దమనిషి వేషం ఒకటున్నది, మీరైతే బాగుంటది' అన్న. ఒక్క మాటకే ఒప్పుకున్నడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకోని వచ్చిండు. మొఖానికి పౌడరు కూడ రాసుకున్నడు. సినిమా అంటే ముసలోడైనా పడతడు."

"దొంగ వేషమని చెప్పావా?"

"గాడికి వచ్చినంక చెప్పిన. నవ్విండు. 'పర్లేదప్పా, నువ్వు అడిగినావు కదా' అన్నడు."

"ఇంకేమన్నాడు?"

"ఏమంటడు? 'మీ అక్క ఎట్లుంది? నువ్వు బాగ సదువుతాండావా?' ఇదే. నాకు ఒళ్ళు మండింది. పండ్లు కొరుక్కోని నవ్విన. రెండేండ్లు ఆగినోడిని ఇంకో పూట ఆగలేనా అనుకున్న."

"అంత కోపం మంచిది కాదురా."

"మంచిది కాకుంటె పాయె. చర్చిల నీ పక్కన ఎవరు కూసుంటలేరు, అది మంచిదా? సారమ్మ ఆంటీ నా మొఖం మీదనే 'పేపర్లు అమ్ముకున్న పిల్ల' అన్నది, అది మంచిదా? ఆఫీసు మొత్తం మీద నీ అంత స్పీడు టైపు కొట్టేటోళ్ళు లేకుండె. ఇయ్యాల వీధిలోళ్ళ లంగాలు కుడుతున్నవ్."

"కుట్టుపనికేం, గౌరవంగానే ఉంది."

"గౌరవం సంగతి కాదు. నువ్వు చేయని తప్పుకు కుడుతున్నవ్. అది మింగుడు పడతలేదు నాకు."

"చారు చల్లారిపోయింది. వేడి చేస్తా, ఉండు."

"కూసో అక్కా. అసలు ముచ్చట ఇంకా చెప్పలే. నాలుగో షాట్ల ఆయన కవరు తెరవాలె. బల్ల మీద కత్తెర పెట్టిన. 'సార్, కుట్టు కత్తిరించి కాయితం తీయుండ్రి' అన్న. అంతే చెప్పిన. ఇంకొక్క ముక్క చెప్పలే. మా కెమెరాకు గడియారం లెక్క చావి ఇస్తే ఇరవై సెకండ్లు తిరుగుతది, ఆగుతది, మళ్ళ చావి ఇయ్యాలె. రిహార్సల్ గిట్ల ఏం లేదు. సీదా షూటింగే."

"ఊఁ."

"ఆయన కత్తెర పక్కకు జరిపిండు."

"జరిపి?"

"'కత్తెరతో కోస్తే తెల్లారేసరికి దొరుకుతాడు నాయనా. దబ్బనం ఉందా?' అన్నడు."

"దబ్బనమా?"

"నాగేంద్ర ఉరికిండు, హాస్టల్ల పరుపులు కుట్టేటాయన దగ్గర అడిగి తెచ్చిండు. ఈయన కవరు బోర్ల తిప్పిండు. లక్క ఉన్న దిక్కు ముట్టనే లేదు. అడుగు కుట్టు పట్టుకోని, దబ్బనం మొనతోటి ఒక్కొక్క కుట్టు లేపిండు. దారం తెగలే. మెల్లగ మొత్తం గుంజిండు. కాయితం తీసిండు, చూసిండు, లోపల పెట్టిండు. మళ్ళ ఆ దారమే, ఆ బొక్కలల్లనే ఎక్కించుకుంట పోయిండు. నాలుగు సార్లు చావి ఇచ్చిన. ఐదోసారి మొఖం మీదికి పోయిన. నాగేంద్రను ఎండ కొట్టమన్న. దొరికిండు."

"దొరకడమేంటి? నువ్వు తియ్యమన్నావు, ఆయన తీశాడు."

"నేను కత్తిరించమన్న. ఆయన కుట్టు విప్పిండు. ఫరక్ తెలుస్తలేదా? నీ మీద ఏం రాసిండ్రు? 'కట్ట గుడ్డ చిరిగితే ఎవరినీ అడగకుండా మళ్ళీ కుట్టింది, అజాగ్రత్త'. ఇదే కదా? ముద్రలు ముద్రలే ఉన్నయి. అడుగు కుట్టు వదులుగున్నది, గంతే. ఎట్ల వదులైందో ఛైర్మనుకు తెలవలే, ఎవరికి తెలవలే. మరి ఈయనకెట్ల తెలిసింది? ఒకపాలి విప్పినోడికి తప్ప ఎవనికి తెలుస్తది?"

"ముప్పై ఏళ్ళు ఆఫీసులో చేసినాయనకి తెలియదా ఏంటి, కట్ట ఎలా విప్పాలో."

"నువ్వు ఎనిమిదేండ్లు చేసినవ్ కదా. నీకు తెలుసా?"

"నాకా? కాఫీ పెట్టనా?"

"కాఫీ వద్దు, ఏం వద్దు. తెలుసా?"

"రేషను చక్కెర ఇంకా కొంచెం ఉందిరా."

"చూసినవా. నీకు తెలవదు. అమాయకురాలివి దొరికినవ్, నెత్తిన రుద్దిండ్రు."

"ఇప్పుడు ఆ రీలు ఎక్కడుంది?"

"మద్రాసుల కడిగిచ్చినం. నిన్న పొద్దున వచ్చింది. రాత్రంత కూసోని ముక్కలు అతికిచ్చిన. బ్లాక్‌బోర్డు మీద చాక్‌పీసుతోటి రాసి అది కూడ తీసిన, ఆఖరుకు పెట్టిన. 'ఇందులో దొంగ నటించలేదు'. ఎట్లున్నది?"

"బాగాలేదు."

"బాగుండనీకి కాదు రాసింది. నాలుగు గంటలకు క్యాంపస్‌ల షో. ట్రస్టు ఛైర్మనుకు కార్డు ఇచ్చిన, మెంబర్లకిచ్చిన. పాస్టరు గారిని పిలిచిన. సారమ్మ ఆంటీ కూడ వస్తనన్నది. ముందు వరుసల నడిమి కుర్చీ రామాంజనేయులు సారుది. సినిమా అయినంక నేను లేస్త. 'సార్, దబ్బనం సంగతి మీకెవరు నేర్పిన్రు?' అని అందరి ముందల అడుగుత. ఒక్కటే ప్రశ్న."

"వెయ్యకురా."

"ఏంది?"

"ఆ సినిమా వెయ్యకు. మా బాబువి కదూ. సినిమా వేసే మిషను పాడైందని చెప్పు."

"నీ కోసమే అక్కా ఇదంత. నువ్వు రావాలె. ఆ నీలం చీర కట్టుకో."

"వాళ్ళ స్కాలర్‌షిప్పు మీదే కదరా చదువుతున్నావు. పెద్దవాళ్ళని నలుగురిలో నిలబెడితే రేపట్నుంచి ఇస్తారా?"

"ఎట్ల ఇయ్యరు? బిచ్చమేసిండ్రా? పరీక్ష రాసి తెచ్చుకున్న. నాకు ఫస్టొచ్చిందని ఏడ్చినోళ్ళే నీ మీద ఆ మాటలు పుట్టిచ్చిండ్రు, తెలుసా? నా మార్కులు నావి. ఎవడు గుంజుకుంటడు?"

"వచ్చే నెల్లో రిటైరవుతున్నాడాయన. వయసైపోయింది. పోనీలే అనుకోరాదూ."

"అందుకే ఇయ్యాల పెట్టిన. దండ వేస్తరు, శాలువా కప్పుతరు, మంచోడని చెప్తరు. నువ్వు ఆ మెట్లు దిగిననాడు ఎవరన్నా మంచినీళ్ళిచ్చిండ్రా? జ్వరం వచ్చి మూడు రోజులు గోడ దిక్కు తిరిగి పన్నవ్. అన్నం నేను వండిన, మాడగొట్టిన, నువ్వు తినలే. మర్చిపోయినవా?"

"మర్చిపోలేదు."

"నేను మర్చిపోలే. ఆయన మొఖం నలుగురిల తెల్లబోతే చూడాలె. నాకు ఇంకేం వద్దు."

"క్షమించడం నేర్చుకోరా. రోజూ ప్రార్థనలో ఏం చెప్పుకుంటాం మనం?"

"ప్రభువు క్షమించనీ. నేను క్షమించ."

"ఇన్నయ్యా."

"మూడున్నరకు అక్కడుండాలె నేను. బస్సు దొరకాలె. నువ్వు వస్తవా, రావా?"

"ఆయన తియ్యలేదు."

"మళ్ళ మొదలుపెట్టినవా?"

"ఆయన తియ్యలేదురా. తీస్తుంటే చూశాడు."

"ఎవరిని చూసిండు?"

"మధ్యాహ్నం అందరూ భోజనాలకెళ్ళారు. ఆయన కళ్ళజోడు మర్చిపోయి వెనక్కొచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. చివరి కుట్టు వేసేదాకా అలాగే నిలబడి చూశాడు. అందుకే ఆయనకి తెలుసు."

"గదంతా నీకెట్ల తెలుసు?"

"నేనక్కడే ఉన్నా."

"నువ్వు గాడ ఉండి చూసుకుంట ఊకున్నవా? ఎవడాడు? పేరు చెప్పు. అక్కా, పేరు చెప్పు. సినిమా ఆపుత, వానిది ఇంకొకటి తీస్త."

"దబ్బనం నా చేతిలోనే ఉందిరా."

"అబద్ధం."

"ముందు కత్తెరే పట్టుకున్నా. కోస్తే తెలిసిపోతుందని పక్కన పెట్టేశా."

"అబద్ధం చెప్తున్నవ్. ఆయన మీద జాలిపడి చెప్తున్నవ్. నీకు అందరి మీద జాలే."

"చెమటకి దారం జారిపోయింది. అందుకే వదులైంది కుట్టు. తలెత్తేసరికి ఆయనున్నాడు. కాళ్ళ మీద పడబోతే వెనక్కి జరిగాడు. 'లేమ్మా, ఎవురన్నా వస్తారు' అన్నాడు."

"ఎవరికి అమ్మినవ్?"

"అమ్మలేదు."

"మరి దేనికి తీసినవ్? పేపరు తీసి ఏం చేసుకుంటరు ఎవరన్నా? చెప్పవేందక్కా?"

"అడక్కురా ఇంక. వెళ్ళి మిషను పాడైందని చెప్పు."

"సరే, నువ్వే తీసినవ్ అనుకో. ఆయన కండ్లార చూసిండు. మరి దొంగతనం అని ఎందుకు రాయలే? గుడ్డ చిరిగిందట, కుట్టిందట, అజాగ్రత్తట. ముప్పై ఏండ్ల సర్వీసు పెట్టుకోని అంత అబద్ధం రాసి సంతకం ఎందుకు పెట్టిండు? నువ్వు ఆయనకేమన్నా చుట్టమా?"

"దొంగతనమని రాస్తే నీ పరీక్ష రద్దు చేసి మళ్ళీ పెడతారురా. మళ్ళీ పెడితే, పరీక్షకి ముందు ఆ వారమంతా నేను నీతో చేయించిన లెక్కలు రావు."