టెంటు రాడ్లు ఎక్కడ, సియామక్?

తియ్యి! ముందు సంచిలోంచి ఆ టీ కాచే సమవార్ బయటికి తియ్యి. నేను వెళ్తున్నది సైకిలు మీద. మీ చుట్టాలందరితో తోటలో పిక్నిక్‌కి కాదు.

తివాచీ కూడానా? పుచ్చకాయ ఒక్కటే మర్చిపోయినట్టున్నావు... ఓహో, అది వంటింట్లో ఉందా!

నీ ఎత్తు నాకు తెలియదనుకున్నావా? బరువంతా ఎక్కించి పంపిస్తే ఇస్ఫహాన్ పొలిమేర దాటకముందే వగరుస్తూ తిరిగొస్తాను. అప్పుడు "అయ్యో నస్తరన్ జాన్, నేను వద్దన్నానా చెప్పు" అంటూ ఓదారుస్తావు. ఎంత మర్యాదగా ఉంటుందో! నువ్వు వద్దన్నట్టూ ఉండదు, నేను వెళ్ళినట్టూ ఉండదు.

నవ్వకు. పెళ్ళై పదేళ్ళయింది, ఒక్కసారైనా నాతో "వద్దు" అన్నావా? అనవు. కారు నేర్చుకుంటానంటే "తప్పకుండా" అన్నావు. తాళాలు మాత్రం ఎప్పుడు చూసినా నీ జేబులోనే.

అసలు ఈ సైకిలు నాకెలా వచ్చింది? ఆ రోజు మీ ఆఫీసువాళ్ళు భోజనానికొచ్చారు. నా స్నేహితురాలు తర్లాన్ ఇంకొందరు ఆడవాళ్ళతో కలిసి సైకిళ్ళ మీద ఎడారి దారిన యజ్ద్ పట్నం దాకా వెళ్తోందనీ, దారిలో టెంట్లు వేసుకుని పడుకుంటారనీ ఏదో మాటవరసకి అన్నాను. నువ్వేమో గుండె మీద చెయ్యి పెట్టుకుని "నా సైకిలు నీదే, నువ్వూ వెళ్ళు" అనేశావు. అందరి ముందూ!

తారోఫ్, ఉత్త మర్యాద మాట, ఇంకేముంది! మన టాక్సీవాడు డబ్బులిస్తుంటే "మీ దగ్గర తీసుకోవడమా, ఖానుం" అంటాడు చూడు, అలాంటిదే. నిజమే అనుకుని దిగి నడిచిపోతే వెంటపడి రాడూ?

నేనూ పద్ధతి తప్పలేదు. వద్దన్నాను. మళ్ళీ అన్నావు. మళ్ళీ వద్దన్నాను. మూడోసారి అన్నావు చూడు, అప్పుడు "సరే" అన్నాను. అబ్బ, నీ మొహం చూడాలి! టీ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. మీ ఆఫీసరుగారి భార్యయితే దగ్గొచ్చినట్టు పళ్ళెంలోకి తల దించుకుంది. మూడుసార్లు అన్నాక వెనక్కి తీసుకోవడం కుదరదు కదా, పాపం.

అప్పట్నుంచీ నిన్నే కనిపెట్టి చూస్తున్నాను. బ్రేకులు బిగించావు. బిగించావో, వదులు చేశావో! సీటు నా ఎత్తుకి దించావు. నా పొడవు కోటు చెయిన్‌లో పడకుండా అంచుకి పెట్టుకునే క్లిప్పులు నువ్వే కొనుక్కొచ్చావు. తాగిన గ్లాసు సింకులో పెట్టడం రాని మనిషికి ఇవన్నీ ఎప్పుడొచ్చాయి?

పైగా మీ అమ్మతో ఫోన్లో గుసగుసలు. నేను గదిలోకి రాగానే "ఇక్కడ ఎండ బాగానే ఉందమ్మా" అంటావు. ఎవరికి కావాలి ఆ ఎండ?

ఇదిగో, ఇప్పుడు దొరికావు! టెంటు సంచిలో గుడ్డ ఉంది, మేకులున్నాయి. రాడ్లేవీ? రాడ్లు లేకుండా టెంటెలా నిలబడుతుంది? ఆ ఇసుకతిన్నెల్లో గుడ్డ కప్పుకుని పడుకోనా? అందరి ముందూ నేను నవ్వులపాలవ్వాలి, అంతేనా? చెప్పు, ఎక్కడ దాచావు?

ఏంటీ... మేడ మీదా?

టెంటు వేసి చూశావా? గాలికి ఆగుతుందో లేదోనని? లోపల పడుకున్నావా కూడా? మొన్న మెడ పట్టేసిందని మూలిగావే, అందుకా! ఒక రాడ్డు చీలిపోయి ఉంటే జిగురు పెట్టి ఆరబెట్టావు... ఊఁ.

మరి మీ అమ్మ? దారిలో వర్జానేలో ఆవిడ పిన్ని కూతురుందా? మా కోసం వేడినీళ్ళు కాచి ఉంచమని చెప్పిందా? ఇంకేమంది? "నన్నెవరూ ఎక్కడికీ వెళ్ళమనలేదు, దాన్నైనా వెళ్ళనివ్వు" అందా? అత్తయ్యేనా ఆ మాటన్నది!

అయితే ఆ సమవార్... అదీ ఆవిడే పంపిందా? ఆవిడ ఎప్పుడు సైకిలెక్కింది గనక, బరువు తెలియడానికి.

అంటే... నువ్వు నిజంగానే వెళ్ళమంటున్నావు.

ఇలా కూర్చో. అటు చూడు, నా మొహంలోకి చూడకు. నాకు భయంగా ఉంది, సియామక్. ఆరుబయట ఒక్క రాత్రి కూడా పడుకున్నదాన్ని కాదు. లారీ పక్కనించి పోతే సైకిలు దిగిపోతాను. నువ్వు అడ్డుపడతావనే ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉన్నాను. "వద్దు" అని ఒక్క మాటంటే చాలు, హాయిగా ఇంట్లోనే ఉండిపోయి, నువ్వే పోనివ్వలేదని బతికినన్నాళ్ళూ తిట్టుకుంటూ గడిపేద్దామనుకున్నాను.

ఇప్పుడు నాకా దారి కూడా లేకుండా చేశావు. రేపు తెల్లారేసరికి తర్లాన్ వీధి చివర వచ్చి నిలబడుతుంది. వెళ్ళకపోతే, నన్నాపింది నేనే అవుతాను.