రష్యా సారుకు నా కాపలా

ఆదివారం సెలవు. దుబాయ్‌లో అల్ ఖూజ్ కార్మికుల క్యాంపు ముందున్న చాయ్ దుకాణంలో వెంకట్రాములు కాలు మీద కాలేసుకొని కూర్చున్నాడు. అరవై దాటాయని కంపెనీ అతన్ని నెలాఖరుకు ఇంటికి పంపేస్తోంది. మిగిలింది ఒక్కటే ఆశ. సొంత సర్కారును తిట్టి, యుద్ధం మొదలైన ఏడాది పారిపోయి వచ్చిన ఒక రష్యా పత్రికాయన ఇంట్లో వాచ్‌మన్ పని. ఆ ఇంటి తోటకు కొన్నాళ్లు నీళ్లు పట్టాడు కూడా. ఆ పత్రికాయన డ్రైవర్, కడప యాసీన్, ఆ పని సంగతి మాట్లాడదామనే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. పక్కన వెంకట్రాములు గదిలోనే ఉండే భూమేశ్.

"బుధవారం పొద్దుమీకి సారు ఇంట్ల చెట్లకు నీళ్లు పడుతున్న. గేటు కాడ ఒకడు తచ్చాడుతుండు. పైపు తిప్పి మొఖం మీద కొట్టిన. ఉరికిండు. అంతే, పెద్ద సంగతేం కాదు," అని మొదలుపెట్టాడు వెంకట్రాములు.

"పార్సిల్ తెచ్చినోడేమో కాకా," అన్నాడు భూమేశ్.

"పార్సిలోడు అట్ల వంకర చూస్తడారా? సారు బయటికొచ్చి, 'వెంకట్, నీ దగ్గర తుపాకి ఉందా?' అని అడిగిండు. రష్యా భాషల."

"నీకు రష్యా భాష వస్తదా? హిందీయే సగం రాకపాయె!"

"రెండు దినాలల్ల నేర్సిన. నడుమ అడ్డం రాకు. 'సారూ, నిజాం కాలంల దొర చేతుల తుపాకి ఉంటే లైసెన్సు, మా చేతుల గుత్ప కట్టె ఉంటే కేసు' అన్న. మా నాయన దొర మీద కొట్లాడి జైలుకు పోయొచ్చిండు. కొత్త చట్టం వచ్చినంక, పంట మీద పందులు పడుతున్నయని ఆఫీసుల చుట్టు తిరిగి తిరిగి లైసెన్సు తెచ్చిండు. సారు దేశంల ముందుగాల వేటతుపాకి ఏండ్లకేండ్లు పెట్టుకుంటెనే రైఫిలు ఇస్తరట. సర్కారుకు భయం ఎవరి మీదుంటే వాళ్లకే లైసెన్సు దొరకదని సారు, నేను ఇద్దరం ఏడ్చినం."

"పందులొచ్చినాయా మరి?" అన్నాడు యాసీన్ నవ్వుతూ.

"ఎప్పుడొచ్చినయి? ఓట్లప్పుడు! ఓట్లప్పుడు లైసెన్సు తుపాకులన్ని పోలీసు స్టేషన్ల అప్పజెప్పాలె గద. పందులకు ఆ సంగతి తెల్సు. మందకు మంద దిగినయి. ఇంట్ల నేనొక్కన్నే, ఉత్త చేతులు. ఏం చేసిన్నో తెల్సా? లైసెన్సు తీసి చూపెట్టిన. ముందున్న పంది ఆగింది, చదివింది, ఎనక్కి మర్రింది."

"చదివిందా!"

"ఫొటో చూసిందనుకో. ఆ లైసెన్సు ఇప్పటికీ నా జేబులనే ఉంటది. ఆ తర్వాత ఏమైందో తెల్సా? శుక్రవారం సారు ఇంటి మీదికి హెలికాప్టర్ వచ్చింది!"

పక్క టేబుళ్లవాళ్లు కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. "ఆ ఇల్లు ఏడ పెద్దాయనా?" అన్నాడొకడు.

"జుమేరాల. మసీదు ఎనక గల్లి, నీలం గేటు. కుక్క ఉంటది గని, పేరు పెట్టి పిలిస్తే మొరగదు."

యాసీన్ చాయ్ నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయాడు.

"ఆరుగురు తాళ్లు పట్టుకొని దిగుతుండ్రు. లైసెన్సు ఎత్తి పట్టిన. ఆరుగురూ చేతులెత్తిండ్రు. చేతులెత్తితే తాడెవరు పడతరు? దబ్బున కింద పడ్డరు. హెలికాప్టర్ భయానికి రెక్కలాపి గాలిల్నే నిలబడ్డది. సముద్రంల మూడు యుద్ధ ఓడలు ఎనక్కి తిరిగినయి. వెంకట్రాములు కాపలా ఉన్నన్నాళ్లు ఆ ఇంటి జోలికి పోవద్దని రష్యా అంతట దండోరా ఏసిండ్రు. ఇగ చెప్పు యాసీన్ భాయ్, పని నాదేనా?"

యాసీన్ గ్లాసు కింద పెట్టాడు.

"పెద్దాయనా, ఈడ వాచ్‌మన్‌కు తుపాకి ఇయ్యరు. నీ లైసెన్సు చదివే పందులు గూడా లేవు. మా సారు ఇప్పటికే మూడిండ్లు మారినాడు, ఎవరికీ ఆచూకీ తెలీగూడదని. వాచ్‌మన్ ముసలోడైనా, బక్కోడైనా పర్లేదన్నాడు. నోరు మూసుకొని ఉండేవాడైతే చాలన్నాడు. నువ్వు చాయ్ దుకాణంలో గేటు రంగు చెప్పి, కుక్కను ఎట్ల ఊరుకోబెట్టాల్నో గూడా చెప్తివి."

చుట్టూ నవ్వులు. వెంకట్రాములు కాలు కిందికి దించాడు.

"అయితే నా పని ఖలాసేనా?" అన్నాడు మెల్లగా.

ఆ ముఖం చూసి యాసీన్ మెత్తబడ్డాడు. "ఈ ఒక్క వారం మా సారు మాట నీ నోట రాకుండా ఉండు. అప్పుడు అడిగి చూస్తా."

"వారమా?" వెంకట్రాములు ఛాతీ మళ్లీ విరుచుకుంది. "ఒకపారి నేను పన్నెండేండ్లు నోరు తెరువలే! ఎవరి గురించో తెల్సా? ఇదే దుబాయ్‌ల, ఎవరికి దొరకకుండ, డేరా బజార్ల ఒక దుకాణం మీద—"

భూమేశ్ ఒక్క ఉదుటున లేచి అతని నోటి మీద అరచెయ్యి అదిమిపెట్టాడు.

"నువ్వు పో యాసీన్ భాయ్. ఈ వారం నేను పట్టుకుంట."