మచ్చ లేని ఆపరేషను

లేదే! మచ్చ లేదు. లేదంటే లేదు! నా జాకెట్టుకేసి అలా చూడకు. పొద్దున్నించి వచ్చినవాళ్ళందరూ అక్కడికే చూస్తున్నారు. గుండె ఆపరేషనంటే గుమ్మడికాయ కోసినట్టు మెడ దగ్గర్నించి బొడ్డుదాకా కోసి కుట్టేస్తారనుకున్నట్టున్నారు. తీరా వచ్చి చూస్తే నేను మంచమ్మీద కూచుని గోరుచిక్కుళ్ళకి ఈనెలు తీస్తున్నాను. పాపం, ఎంత నిరాశపడ్డారో!

లోపలికి రా. గుమ్మంలో అలా నిలబడితే ఎలా? ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది, ఈ స్టూలు లాక్కో. ఆఁ, కూచో. డబ్బా ఒళ్ళోనే పెట్టుకుంటావా? సరే పెట్టుకో. నీ డబ్బా, నీ ఒడి.

మాట్లాడవని తెలుసులే. పదకొండేళ్ళనించి మనిద్దరికీ మాటల్లేవు, ఇవాళ ఎలా వస్తాయి? ఒకింటి కోడళ్ళం, అన్నదమ్ముల పెళ్ళాలం, మధ్యన ఒక్క తాటాకు దడి. తోడికోడలు ఆపరేషనై వస్తే చూడ్డానికి వెళ్ళకపోతే ఊళ్ళో ఏమనుకుంటారోనని వచ్చేవు. పలకరించడానికొచ్చి నోరు విప్పని మనిషివి నువ్వొక్కదానివేనే చిన్నమ్మలూ! పోనీలే, ఆ మిగతావాళ్ళు నీ వాటా కూడా మాట్లాడి వెళ్ళేరు.

నరసాపురం నించి మా పిన్ని కూతురు కనకమ్మ వచ్చింది నిన్న. గోదారి దాటడానికి పంటెక్కి, సఖినేటిపల్లిలో దిగి ఆటో ఎక్కి, డజను బత్తాయిలు పట్టుకుని వచ్చింది. వస్తూనే, ‘అచ్చమ్మక్కా, ఏదీ, ఎంత కోసేరు?’ అంది. ‘కొయ్యలేదే, తొడ మొదట్లో చిన్న బెజ్జం పెట్టేరంతే’ అన్నాను. ‘ఏదీ చూపించు’ అంది! వరండాలో మీ బావగారున్నారు, పాలవాడున్నాడు, ఇంకో ఇద్దరు మగాళ్ళున్నారు. ఎక్కడని చూపించను? చూపించకపోయేసరికి దానికి అనుమానమొచ్చింది. వెళ్తూ వెళ్తూ మా ప్రియాంకని పక్కకి పిలిచి, ‘నిజంగా చేసేరా అమ్మా, మత్తిచ్చి పడుకోబెట్టి పంపించేసేరా?’ అని అడిగిందిట. నా కోడలు నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. బత్తాయిలు వెనక్కి పట్టుకుపోలేదు, అదే పదివేలు.

నవ్వేవా? పెదవి కదిలింది, నేను చూసేను! సరే, దగ్గొచ్చిందనే అనుకుందాం.

అసలిది ఎప్పణ్ణించి మొదలైందో తెలుసా? నాకే తెలీదు. నూతి దగ్గర్నించి వంటింటికొచ్చేలోపు రెండుచోట్ల కూచునేదాన్ని. గ్యాసనుకున్నాను. సోడా తాగేను. వాము నమిలేను. ఒక దిండు చాలక రెండు, రెండు చాలక మూడు పెట్టుకుని, గోడకి ఆనుకుని కునికేదాన్ని. కాళ్ళు చూస్తే మజ్జిగ కుండల్లా ఉండేవి. మీ బావగారేమో ‘ఒళ్ళు చేసేవే’ అని మురిసిపోయేరు. డెబ్భై ఏళ్ళొచ్చేయి, పెళ్ళాం ఒళ్ళు చెయ్యడానికీ నీరు పట్టడానికీ తేడా తెలీదు ఆయనకి.

ప్రియాంకే పట్టుబట్టి అమలాపురం తీసుకెళ్ళింది. అక్కడ గుండె స్కానింగు చూసి విశాఖపట్నం వెళ్ళమన్నారు. అక్కడ శ్రీవాణి గారని డాక్టరమ్మ. ప్రియాంక వయసుంటుందేమో, అంతే. అంత చిన్నపిల్ల నా గుండె ముట్టుకుంటుందా అని నాకు ముందు నమ్మకం కుదర్లేదు.

ఆవిడ కాయితమ్మీద బొమ్మేసి చెప్పింది. గుండెలో ఎడమవైపు ఒక వాల్వుందిట, అంటే రెండు రెక్కల తలుపన్నమాట. గుండె నొక్కుకున్నప్పుడల్లా ఆ రెండు రెక్కలూ దగ్గరికొచ్చి మూసుకోవాలి, రక్తం ముందుకే పోవాలి. నాకేమో రెండూ ఎదురెదురుగా వస్తాయి గానీ కలవవు. ఆ సందులోంచి రక్తం వెనక్కి ఊపిరితిత్తులకేసి కారిపోతోంది. అందుకే ఆయాసం, అందుకే వాపు. ‘పక్కపక్కనే ఉంటాయండీ, కానీ కలవట్లేదండీ’ అంది. ‘ఆయ్, తెలుసండీ, మా ఇంట్లో ఇంకో రెండున్నాయండీ అలాంటివి’ అన్నాను. ఆవిడకేం తెలుసు పాపం! ‘ఎవరికండీ, మీ తోబుట్టువులకా?’ అని కాయితమ్మీద రాసుకోబోయింది.

అదిగో, మళ్ళీ దగ్గొచ్చింది నీకు. ఆ మరచెంబులో నీళ్ళున్నాయి, తాగు.

రొమ్ము కోసి చేద్దామంటే నా వయసు, నా ఊపిరితిత్తులు తట్టుకోలేవన్నారు. అందుకని తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి తీగలాంటిది పైకి, గుండె దాకా పంపించి, ఆ రెండు రెక్కల్నీ మధ్యలో క్లిప్పు పెట్టి పట్టించేస్తారుట. క్లిప్పంటే బట్టలారేసే క్లిప్పులాంటిదనుకో, గోరంతే ఉంటుంది. మధ్యలో పట్టుకుంటే చాలుట, అటో దారి ఇటో దారి ఉండి రక్తం ముందుకి పోతుంది, కారడం తగ్గిపోతుంది. ‘మొత్తం అతికించెయ్యాలా అండీ?’ అన్నాను. ‘అక్కర్లేదండీ, ఒక్కచోట కలిస్తే చాలు’ అంది.

సంతకాలు పెట్టమన్నారు. ఏమైనా అవ్వచ్చు, మాకు తెలిసే ఒప్పుకుంటున్నాం అని రాసుందందులో. మీ బావగారు పెన్ను తీసుకుని, తన పేరు పెదబాబు అని రాయడం మానేసి మా మామగారి పేరు రాసేరు! పోయి ముప్ఫై ఏళ్ళైన మనిషి సంతకంతో నన్ను లోపలికి తీసుకెళ్ళబోయేరు. ఇంకో కాయితం తెప్పించాల్సొచ్చింది. నవ్వుతాలకి చెప్తున్నాను గానీ, ఆ కంగారు చూసేక నాకూ భయమేసిందే.

పూర్తిగా మత్తిచ్చేసి, అన్నం దిగే గొట్టంలోకి ఏదో ట్యూబు వేసి, దాంతో గుండెని టీవీలో చూసుకుంటూ చేసేరుట. మొదటి క్లిప్పు పట్టింది గానీ పక్కనించి ఇంకా కారుతోందిట. దాన్ని విప్పి, జరిపి, మళ్ళీ పట్టించి, దాని పక్కన ఇంకోటి వేసేరు. గుండెని ఆపలేదు, అది కొట్టుకుంటూండగానే. మర్నాడు లేపి నడిపించేరు, నాలుగోరోజు ఇంటికి పంపించేరు. ఆ ట్యూబు మూలాన్న రెండ్రోజులు గొంతు పూడుకుపోయి నాకు మాట రాలేదు. మీ బావగారు ఆ రెండ్రోజులూ ఎంత సుఖపడ్డారో!

ఇప్పుడు ఒక్క దిండు మీద పడుకుంటున్నాను చిన్నమ్మలూ. చదునుగా. పక్కకి తిరిగి కూడా. నిద్ర పట్టడమంటే ఏంటో మర్చిపోయేను ఇన్నాళ్ళూ.

ఒక్క ఉప్పు దగ్గరే వచ్చింది గొడవ. ఉప్పు తగ్గించమన్నారు. ఊరగాయ అస్సలు ముట్టుకోవద్దన్నారు. మామిడికాయల రోజుల్లో కోనసీమ మనిషికి చెప్పే మాటేనా అది?

ఏం, అలా తలొంచుకున్నావేం? ఊరగాయ మాటొచ్చిందనా?

ఉండు, లేవకు. కూచో. దగ్గర్లో ఎవరూ లేరు. ప్రియాంక పెరట్లో ఉంది, మీ బావగారు రాజోలు వెళ్ళేరు మందులకి. నీతో ఒక మాట చెప్పాలి. డాక్టరమ్మ ఎక్కువ మాట్లాడొద్దంది, కానీ ఇది చెప్పకపోతే ఆ క్లిప్పులు ఊడిపోతాయేమోనని భయంగా ఉంది నాకు.

లోపలికి తీసుకెళ్ళేముందు నర్సు పిల్ల, ‘దేవుణ్ణి తలుచుకోండి అమ్మమ్మగారూ’ అంది. అంతర్వేది స్వామిని తలుచుకుందామని కళ్ళు మూసుకున్నాను. స్వామి రాలేదే! జాడీ వచ్చింది. అత్తయ్యగారి పెద్దజాడీ, మూతికి గుడ్డ కట్టి, కళ్ళ ముందు నిలబడింది. లేచొస్తానో రానో తెలీని క్షణంలో, కొడుకు మొహం కాదు, మొగుడి మొహం కాదు, ఆవకాయ జాడీ! నవ్వొస్తుందా? నాకు రాలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతుంటే, నర్సు నేను భయపడుతున్నాననుకుని చెయ్యి పట్టుకుంది.

తెలివొచ్చేక ప్రియాంక ఇంకోటి చెప్పింది. అమలాపురం తీసుకెళ్ళాలని దానంతటదానికి తోచలేదుట. నువ్వు చెప్పేవుట. దానితో కాదులే, మీ లేగదూడతో! దడి అవతల దూడకి గడ్డేస్తూ, ‘ఏవమ్మా దూడమ్మా, ఆవిడ నూతి దగ్గర్నించి వస్తూ రెండుసార్లు కూలబడుతోంది, కాళ్ళు చూస్తే నొక్కిన సొట్ట నొక్కినట్టే ఉంటోంది, అది గ్యాసు కాదు, గుండె డాక్టరికి చూపించుకోమని చెప్పవే’ అన్నావుట. ప్రియాంక వినేదాకా రోజూ అదే మాట, అదే దూడతో. మన రెండిళ్ళ మధ్యా కబుర్లన్నీ దూడలూ కోళ్ళూ మోసినవేగా! నేను మీ కోడిని తిట్టేను, నువ్వు మా అరటిచెట్టుకి సమాధానం చెప్పేవు. కానీ ఇన్నేళ్ళలో ఏ దూడా మోయనంత మాట మోసిందే ఆ దూడ.

మొగుడికి కనపడలేదు. కొడుక్కి కనపడలేదు. దడి సందులోంచి నీకు కనపడింది.

అప్పుడూ అంతేగా. నీకే కనపడింది.

అవునే. పదకొండేళ్ళ కిందట ఆ జాడీలో తడి గరిటె పెట్టింది నేనే. ఆ రోజు మా అన్నయ్య చెప్పా పెట్టకుండా భోజనానికి వచ్చేడు. కంగారులో కడిగిన గరిటె కడిగినట్టే, నీళ్ళు కారుతూ కారుతూ, జాడీలో ముంచేసేను. తలెత్తేసరికి కిటికీ అవతల నువ్వు, చంకలో బిందెతో. చూసేవు. నేను చూడ్డం కూడా చూసేవు. బిందె సర్దుకుని వెళ్ళిపోయేవు. ఆషాఢం వచ్చేసరికి జాడీ మీద తెల్లగా బూజు. అత్తయ్యగారు తన చేత్తో కలిపిన ఆఖరి ఆవకాయ, రెండు కుటుంబాలకీ ఏడాది పొడుగునా రావాల్సింది. ‘ఎవరే తడి పెట్టింది?’ అన్నారు. నా నోట్లోంచి నీ పేరొచ్చింది. ‘చిన్నమ్మలు తీసిందండీ అత్తయ్యా’ అన్నాను. అంత మంది ముందు ఆవిడ, ‘ఇకనించి నువ్వు జాడీల గదిలోకి రాకు’ అన్నారు నిన్ను.

నువ్వు ‘నేను కాదు’ అంటావేమోనని చూసేను. అంటే బాగుండును, పోట్లాడుకుని ఊరుకునేవాళ్ళం. నువ్వు నాకేసి చూసి, బిందె తీసుకుని నూతికి వెళ్ళిపోయేవు. అత్తయ్యగారు కార్తీకంలో పోయేరు. ఆ నాలుగు నెలలూ ఆవిడ పక్కబట్టలు ఉతికింది నువ్వు. నోట్లో ఆఖరి చుక్క నీళ్ళు పోసింది నువ్వు. జాడీల గది తాళంచెవి మాత్రం నా చేతికిచ్చి పోయేరావిడ. ఆ తరవాత వంటలు వేరుపెట్టించిందీ నేనే, దడి కట్టించిందీ నేనే. ఊళ్ళో అందరూ చిన్నకోడలికి పొగరు, మాట్లాడదు అనుకున్నారు. మాట్లాడనిది నువ్వు కాదే. నీ మొహం చూసే ధైర్యం లేక తప్పుకు తిరిగింది నేను. నాదే తప్పు. మొత్తం నాదే.

తిట్టవే. దూడని పిలిచైనా తిట్టు.

ఏంటి, డబ్బా తీస్తున్నావు? ఉండు, ఆ వాసన... ఆవపిండి! మామిడికాయ ముక్కలు! నీకేం మతిపోయిందా, డాక్టరమ్మ నన్ను ఊరగాయ... ఏంటి, తల అడ్డంగా ఊపుతావేం? ఉప్పు లేదా? ఉప్పు వెయ్యకుండా ఆవకాయ కలిపేవా? ఎవరైనా కలుపుతారుటే! ఆ రెండు వేళ్ళేంటి? రెండ్రోజులా? అవునులే, ఉప్పు లేకపోతే అంతకంటే నిలవుండదు. అంటే ఎల్లుండికి మళ్ళీ కలిపి తెస్తావన్నమాట.

ఛీ, ఈ కళ్ళొకటి, తుడిచినకొద్దీ కారుతున్నాయి. ఇలా ఇయ్యి డబ్బా. ఒక్క ముక్క చూస్తాను, చిన్నది, ఈ పక్కనున్నది...

ఏంటీ?

ఏమన్నావు? మళ్ళీ అను.

చెయ్యి తడిగా ఉందంటావా! పదకొండేళ్ళకి నోరు విప్పి నువ్వన్న మొదటి మాట అదా చిన్నమ్మలూ? ఆ మాట ఆ రోజు అత్తయ్యగారి ముందు అనుండాల్సింది తల్లీ...

ఇదిగో, కొంగుకి తుడుచుకున్నాను. ఇటు చూడు. అటు కూడా చూడు, వేళ్ళ సందుల్లో కూడా. పొడిగానే ఉంది. ఇప్పుడు పెట్టనా?